మోకాలు మెలిపడితే: బురదలో పడ్డ గంట నుంచి మళ్లీ బురదలో దిగేదాకా

సార్వా కోతలైపోయాయి. చేలో తడి ఇంకా ఆరలేదు. ధాన్యం బస్తా వీపున వేసుకుని గట్టెక్కబోతున్న మనిషిని వెనకనుంచి ఎవరో కేకేశారు. పాదం చీలమండ దాకా బురదలో దిగబడే ఉంది, ఒళ్లు మాత్రం వెనక్కి తిరిగింది. మోకాల్లో టప్పుమన్న చప్పుడు పక్కన నడుస్తున్నవాడికి కూడా వినపడింది. కాసేపు గట్టు మీద కూలబడి, లేచి, కుంటుకుంటూ ఇల్లు చేరాడు. సాయంత్రానికి మోకాలు బూరెలా పొంగింది. సున్నం బెల్లం కలిపి పట్టేశారు. మర్నాడు పక్కూరి నుంచి ఒకాయన వచ్చి నూనె రాసి బలంగా తోమి వెళ్లాడు. మూడు వారాలకు నొప్పి పోయింది. దాళ్వా నాట్లకు చేలోకి దిగాడు. గట్టు దిగుతుంటే మోకాలు పక్కకు జారింది. ఈసారి పడ్డాడు.

అమలాపురం చుట్టుపక్కల ఫిజియోథెరపీ చేస్తూ ఈ కథ ఎన్ని నోళ్ల విన్నానో లెక్కలేదు. ఒకసారి కొబ్బరి దింపు కార్మికుడు చెబుతాడు, ఒకసారి రొయ్యల చెరువు గట్టు మీద బండి జారినవాడు చెబుతాడు. ఆఖరి మాట మాత్రం అందరిదీ ఒకటే: "నొప్పయితే పోయిందండి, ఆయ్. కాలే మాటింటం లేదు." నాకూ జరిగింది. ఇరవై రెండేళ్ల వయసులో, సంక్రాంతి కబడ్డీలో. బెణుకే కదా అనుకుని ఎనిమిది నెలలు తిరిగాను. ఆ ఎనిమిది నెలల్లో మోకాలి లోపలి మెత్త కూడా చిరిగింది.

నొప్పి తగ్గడం వేరు, కీలు నిలబడడం వేరు. లోపల ఎముకలను కట్టి ఉంచే తాడు తెగినా నొప్పి కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది. తాళ్లు మాత్రం అన్నీ వాటంతటవి అతుక్కోవు, ముఖ్యంగా ఒక తాడు. ఆ తాడు ఏదో, ఎందుకు అతుక్కోదో ముందు తెలిస్తే తర్వాతి పనులన్నీ సులువుగా అర్థమవుతాయి.

ముందు మంచి మోకాలిని తడిమి చూసుకోండి

దెబ్బ తగలని రోజునే అరుగు మీద కూర్చుని పది నిమిషాలు ఈ పని చేయండి. కాళ్లు కిందికి వేలాడేసి, చిప్ప మీద వేలు పెట్టి కిందికి జరపండి. చిప్ప అయిపోగానే వెడల్పాటి గట్టి పట్టీ తగులుతుంది. అది దిగి ముంగాలి ఎముక మీదున్న బొడిపెలో కలిసిపోతుంది. ఆ పట్టీకి అటూ ఇటూ బొటనవేళ్లతో నొక్కితే రెండు మెత్తని గుంటలు. అక్కణ్నుంచి వేళ్లు పక్కలకు జరిపితే రెండు ఎముకల మధ్య సన్నని సందు దొరుకుతుంది. పైది తొడ ఎముక, కిందిది ముంగాలి ఎముక. మీ వేలు ఉన్నది సరిగ్గా కీలు మీద.

ఇప్పుడు లోపల ఎలా ఉందో ఊహించుకోండి. తొడ ఎముక కింది కొస రెండు గుండ్రని బుడిపెలు. ముంగాలి ఎముక పైకొస దాదాపు చదును. తుంటి దగ్గరైతే బంతి గిన్నెలో కూర్చున్నట్టు ఎముకే ఎముకను పట్టుకుని ఉంటుంది. మోకాలికి ఆ గిన్నె లేదు. పీట మీద రెండు కొబ్బరికాయలు పక్కపక్కన పెట్టినట్టు ఉంటుంది. కాయలు దొర్లకుండా కింద కుదుళ్లు పెట్టినట్టు రెండు నెలవంక మెత్తలున్నాయి, వాటినే మెనిస్కస్ అంటారు. బరువు ఎముకల మీద సమంగా పడేలా చూసేవీ అవే. కానీ కుదుళ్లు ఒక్కటే చాలవు, తాళ్లు కావాలి. ఆ తాళ్లే లిగమెంట్లు. బడి పుస్తకాల్లో సంధిబంధనాలు అని ఉంటుంది. మనం మాత్రం "నరం పట్టింది, నరం తొలిగింది" అనేస్తాం. నరం కబురు మోసేది. లిగమెంటు ఎముకను ఎముకకు కట్టేది. కొల్లాజెన్ పోగులతో, పీచుతాడు పేనినట్టే ఉంటుంది.

ఆ తాళ్లలో ఒకటి మీ చేతికి తగులుతుంది. కుడి చీలమండను ఎడమ మోకాలి మీద పెట్టుకుని, కుడి మోకాలిని బయటికి వాల్చి కూర్చోండి. కుడి మోకాలి బయటి పక్క, కీలు సందుకు అడ్డంగా వేలు ఆనించి మెల్లగా మీటండి. లాగి కట్టిన దండెం తాడులా గుండ్రంగా, బిగువుగా ఒకటి తగులుతుంది. దాని పైకొస తొడ ఎముకకు, కింది కొస ముంగాలి ఎముక పక్కనుండే సన్న ఎముక తలకాయకు. పొడవు ఐదారు సెంటీమీటర్లు. దీన్ని ఎల్‌సీఎల్ అంటారు. మోకాలు బయటికి విల్లులా వంగకుండా ఆపేది ఇదే. నేను పాఠం చెప్పిన ప్రతి కుర్రాడూ ఇది చేతికి తగలగానే రెండో కాలు కూడా తడుముకుంటాడు. మీరూ తడమండి, రెండు పక్కలా ఒకేలా ఉండాలి.

లోపలి పక్క, అంటే రెండు మోకాళ్లూ ఒకదానికొకటి తగిలే పక్క, ఎంసీఎల్ ఉంటుంది. ఇది తాడులా ఉండదు. వెడల్పాటి నవారు పట్టీలా, దాదాపు పది సెంటీమీటర్ల పొడవున పరుచుకుని ఉంటుంది. బయటినుంచి దెబ్బ తగిలి మోకాలు లోపలికి మడత పడబోతే పట్టి ఆపేది ఇది. కబడ్డీలో పక్కనుంచి వచ్చి పట్టేవాడి బరువంతా దీని మీదే పడుతుంది. దీని లోపలి పొర మెనిస్కస్‌కు అతుక్కుని ఉంటుంది, అందుకే ఒక్కోసారి రెండూ కలిసి దెబ్బతింటాయి. ఒక సంగతి నయం: దీనికి రక్తం బాగా అందుతుంది. చాలామందికి పట్టీ కట్టి కొన్ని వారాలు జాగ్రత్తగా ఉంటే ఆపరేషన్ లేకుండానే అతుక్కుంటుంది.

మిగతా రెండూ కీలు నడిమధ్య ఉంటాయి, చేతికి అందవు. ఒకదాన్నొకటి అడ్డంగా దాటి వెళ్తాయి కాబట్టి వాటికి క్రూసియేట్ అని పేరు, లాటిన్‌లో శిలువ అనే మాట నుంచి వచ్చింది. ముందుది ఏసీఎల్, వెనకది పీసీఎల్. ఏసీఎల్ ఏ వాలున ఉంటుందో తెలియాలంటే ప్యాంటు జేబుల్లో రెండు చేతులూ పెట్టుకోండి. వేళ్లు కిందికీ, ముందుకీ, లోపలికీ వాలి ఉంటాయి కదా, కుడి చెయ్యి వాలిన దారే కుడి ఏసీఎల్ దారి. తొడ ఎముక బయటి బుడిపె లోపలి గోడ దగ్గర వెనక మొదలై, ముంగాలి ఎముక మీద ముందుకొచ్చి అతుక్కుంటుంది. పొడవు మూడు సెంటీమీటర్లకు కాస్త పైన, వెడల్పు ఒక సెంటీమీటరు. దాదాపు చిటికెన వేలంత.

ఆ చిటికెన వేలంత తాడు చేసే పని పెద్దది. ముంగాలి ఎముక ముందుకు జారకుండా ఆపే బలంలో ఎక్కువ భాగం దానిదే. పైగా తొడ ఒక పక్కకు, కాలు ఇంకో పక్కకు తిరగకుండా పట్టి ఉంచుతుంది. అందులో రెండు పాయలుంటాయి. మోకాలు వంచినప్పుడు ఒకటి బిగుస్తుంది, చాచినప్పుడు రెండోది బిగుస్తుంది. ప్రయోగశాలలో లాగి చూస్తే, వయసులో ఉన్నవాళ్ల ఏసీఎల్ దాదాపు 2,160 న్యూటన్ల దాకా తట్టుకుంది. మన లెక్కలో 220 కిలోలు, అంటే 75 కిలోల ధాన్యం బస్తాలు మూడింటికి కాస్త తక్కువ. అరవై దాటినవాళ్లది 658 న్యూటన్లకే తెగింది. ఒక్క బస్తా బరువు కూడా కాదు. ఈ ఫలితాలు 1991లో అచ్చయ్యాయి. గట్టు మీద పెద్దాయన చేత బస్తా ఎత్తించే ముందు ఇది గుర్తుంచుకోండి.

పీసీఎల్ దీనికంటే లావు, ముంగాలి ఎముక వెనక్కి పోకుండా ఆపుతుంది. బురదలో మెలిపడితే ఇది తెగడం తక్కువ. బండి మీంచి పడి, వంగిన మోకాలి కింద ముంగాలికి ఎదురుదెబ్బ తగిలినప్పుడు తెగుతుంది. కాలువ గట్ల రోడ్ల మీద అదే చూస్తుంటాను.

ఇక ఏసీఎల్ ఎందుకు అతుక్కోదో. ఎంసీఎల్ తెగితే చుట్టూ రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ మీదే కొత్త పోగులు అల్లుకుంటాయి. ఏసీఎల్ కీలు మధ్యలో ఉంది. అక్కడ కారిన రక్తం కీలు ద్రవంలో కలిసి పల్చబడిపోతుంది, గడ్డ నిలవదు. తెగిన రెండు కొసలూ చాలామందిలో విడిపోయే ఉండిపోతాయి. పసరు కట్టినా, తోమినా ఆ కొసల దాకా ఏదీ చేరదు. దీనిలో వైద్యుడి తప్పూ లేదు, రోగి తప్పూ లేదు. తాడు ఉన్న చోటు అలాంటిది.

ఇంకొక్కటి చూసి లేవండి. మంచం అంచున కూర్చుని మెల్లగా కాలు పూర్తిగా చాచండి. ఆఖరి కాస్త దూరంలో, ఇరవై డిగ్రీలు మిగిలి ఉండగా, పాదం బొటనవేలు కొంచెం బయటికి తిరగడం గమనించండి. ముంగాలి ఎముక మర బిగించినట్టు తిరిగి తాళం పడుతోంది. ఆ తాళం పడితేనే తొడ కండకు పని లేకుండా గంటల తరబడి నిలబడగలం. దెబ్బ తిన్న మోకాలు పూర్తిగా చాపుకోకపోతే ఈ తాళం పడదు. నేను ముందు ముందు "కాలు పూర్తిగా చాచాలి" అని పదేపదే అంటాను. కారణం ఇదే.

ఆ గంటలో ఏం చేయాలి

పడిన చోటే కూర్చోండి. లేచి "బాగానే ఉంది" అని నడిచి చూపించకండి. ఎవరైనా కాలు పట్టుకుని గుంజి సరిచేస్తానంటే వద్దనండి, ఎంత పెద్దాయనైనా సరే. "వద్దు బాబాయ్, డాక్టరుకు చూపిద్దాం" అంటే చాలు, ఎవరూ నొచ్చుకోరు.

తర్వాత నాలుగు సంగతులు ఫోనులో రాసుకోండి, లేదా మాటగా రికార్డు చేసుకోండి. రెండు రోజులకు మరిచిపోతారు, డాక్టరు అడిగేది ఇవే. పాదం నేలకు అతుక్కుని ఉండగా ఒళ్లు ఎటు తిరిగింది? చప్పుడు వినపడిందా? ఆట, పని వెంటనే ఆపేయాల్సి వచ్చిందా? వాపు ఎప్పుడు మొదలైంది? ఈ నాలుగోది చాలా ముఖ్యం. రెండు మూడు గంటల్లోపే మోకాలు నిండిపోతే లోపల రక్తం కారిందని అర్థం. అలా త్వరగా నిండిన మోకాళ్లలో సగానికి పైగా ఏసీఎల్ తెగినవే ఉంటాయి. రాత్రి పడుకుని లేచేసరికి మెల్లగా వాస్తే మెనిస్కస్ దెబ్బ అనుమానించాలి. చప్పుడు, వెంటనే వాపు, "మోకాలు జారినట్టయింది" అన్న మాట. ఈ మూడూ కలిస్తే నేనైతే ఏసీఎల్ తెగిందనే అనుకుని మొదలుపెడతాను.

ఆగకూడనివి

పాదం చల్లబడినా, పాలిపోయినా, తిమ్మిరెక్కినా, పాదం పైకి ఎత్తలేకపోయినా వెంటనే 108కి ఫోను చేయండి. మోకాలు పూర్తిగా కీలు తప్పి, దానంతటదే మళ్లీ చోట్లో పడి ఉండొచ్చు. పైకి మామూలుగా కనిపిస్తుంది, కానీ మోకాలి వెనక గుంటలో వెళ్లే పెద్ద రక్తనాళం నలిగి ఉంటుంది. రక్తం అందని కాలికి ఆరు గంటలు దాటాయంటే కాలు దక్కడం కష్టమవుతూ పోతుంది. లంకల్లో ఉన్నవాళ్లు ఏరు దాటే సమయం కూడా ఆ ఆరు గంటల్లోనే లెక్కేసుకోండి. పడవ రేవుకు వచ్చేలోపే అవతలి గట్టుకు అంబులెన్స్ పిలిపించండి.

అంత తొందర లేకపోయినా, అదే రోజు ఎక్స్‌రే కావలసినవాళ్లు కొందరు: యాభై ఐదు నిండినవాళ్లు, నాలుగడుగులు కూడా వేయలేనివాళ్లు, మోకాలు లంబకోణం దాకా వంచలేనివాళ్లు, ఒక్క చిప్ప మీదనో, బయటి పక్క సన్న ఎముక తలకాయ మీదనో నొక్కితే నొప్పి పుట్టేవాళ్లు. కెనడాలోని ఒట్టావాలో వైద్యులు ఎముక విరిగిందని అనుమానించడానికి ఇవే గుర్తులని తేల్చారు. మోకాలు వంగిన చోటే ఇరుక్కుపోయి చాచుకోలేకపోతే చిరిగిన మెనిస్కస్ ముక్క అడ్డుపడి ఉండొచ్చు, అదీ ఆలస్యం చేయకూడదు. తర్వాతి రోజుల్లో పిక్క వాచి గట్టిపడినా, మోకాలు ఎర్రబడి జ్వరం వచ్చినా అంతే.

మొదటి మూడు రోజులు

ఐసు. రొయ్యలకూ చేపలకూ ఐసు పెట్టే ఊళ్లలో దీనికి కొదవ లేదు. పొడి చేసి ప్లాస్టిక్ కవర్లో పోసి, తడి తువ్వాలు చుట్టి, పదిహేను ఇరవై నిమిషాలు పెట్టండి. మెలకువగా ఉన్నంతసేపూ రెండు మూడు గంటలకోసారి. ఒంటి మీద నేరుగా పెట్టకండి, చర్మం కాలుతుంది. షుగరు వల్ల కాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లు పది నిమిషాలకే తీసి చర్మం చూసుకోవాలి.

క్రేప్ బ్యాండేజి మోకాలి కింద పిక్క నుంచి మొదలుపెట్టి పైకి తొడ దాకా చుట్టండి. వేళ్లు నీలంగా మారినా, జివ్వుమన్నా విప్పి వదులుగా కట్టండి. పడుకున్నప్పుడు కాలు గుండెకంటే ఎత్తున ఉండాలి. దిండు మడమ కింద పెట్టండి, మోకాలి కింద పెట్టకండి. మోకాలి కింద దిండు హాయిగానే ఉంటుంది, కానీ మూడు రోజులు అలా పడుకుంటే మోకాలు ఆ వంపులోనే బిగుసుకుంటుంది. ఆ వంపు తీయడానికి తర్వాత మూడు వారాలు పడుతుంది. ఇది నా దగ్గరికి వచ్చేవాళ్లలో రోజూ చూసే పొరపాటు.

ఈ మూడు రోజులూ వేడి కాపడం వద్దు, తోమడం వద్దు, మద్యం తాగడం వద్దు. మూడూ లోపల రక్తం ఇంకా కారేలా చేస్తాయి. సున్నం బెల్లం పట్టు వేస్తే తెగిన తాడుకు ఒరిగేదేమీ లేదు. సున్నం చర్మాన్ని పొక్కిస్తే మాత్రం, ఆపరేషన్ అవసరమైతే ఆ పుండు మానేదాకా ఆగాలి. నొప్పికి పారాసెటమాల్ వేసుకోవచ్చు. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, బీపీ ఉన్నవాళ్లు మిగతా నొప్పి బిళ్లలు డాక్టరును అడగకుండా వేసుకోవద్దు.

నడవాల్సి వస్తే చంక కర్రలు మంచివి. ఒక్క కర్రే ఉంటే మంచి కాలి పక్క చేత్తో పట్టుకోండి. కుడి మోకాలికి దెబ్బయితే కర్ర ఎడమ చేతిలో. చాలామంది తిరగేసి పట్టుకుంటారు. నేలబారు మరుగుదొడ్డి ఉన్న ఇంట్లో మధ్యలో రంధ్రం ఉన్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చుకోండి. మోకాలు పూర్తిగా మడిచి గొంతుక్కూర్చోవడం ఇప్పుడు పనికిరాదు.

డాక్టరు దగ్గర

ఎముకల డాక్టరుకు చూపించండి. మొదటి రోజు మోకాలు బిర్రుగా ఉండి, నొప్పికి కండలు బిగుసుకుపోయి పరీక్షకు లొంగదు. వారం పది రోజులకు వాపు తగ్గాక మళ్లీ వెళ్లి పరీక్ష చేయించుకోండి. ఈ రెండోసారి వెళ్లకపోవడం వల్లే చాలా ఏసీఎల్‌లు దొరక్కుండా పోతున్నాయి.

డాక్టరు చేసేది ఇది: మోకాలు ఇరవై ముప్పై డిగ్రీలు వంచి, ఒక చేత్తో తొడ కదలకుండా పట్టి, రెండో చేత్తో ముంగాలిని ముందుకు లాగుతారు. మంచి కాలు కాస్త కదిలి టక్కున ఆగుతుంది, తాడు పట్టినట్టు. తెగిన కాలు ఆగకుండా మెత్తగా జారుతుంది. లాక్‌మన్ పరీక్ష అంటారు దీన్ని, 1976లో వైద్య పత్రికలకెక్కింది. మీరు చేయాల్సింది ఒక్కటే, తొడ పూర్తిగా వదిలేయండి. తొడ వెనక కండ బిగిస్తే అది ముంగాలిని వెనక్కి పట్టేసి, తెగిన తాడును కూడా మంచిదానిలా చూపిస్తుంది. ఇంట్లో అన్నయ్య చేత ఈ లాగుడు చేయించుకోకండి.

ఎక్స్‌రేలో లిగమెంటు కనపడదు, ఎముక మాత్రమే కనపడుతుంది. "ఎక్స్‌రే తీయించాం, ఏం లేదన్నారు" అన్న మాట అక్కడితో ఆగిపోకూడదు. లిగమెంటు, మెనిస్కస్ చూడాలంటే ఎంఆర్ఐ కావాలి. కాకినాడ ప్రభుత్వ సామాన్య ఆసుపత్రి లాంటి పెద్దాసుపత్రికి వెళ్లేవాళ్లు ఆధార్, రేషన్ కార్డు పట్టుకెళ్లి, మొదట ప్రభుత్వ ఉచిత వైద్య పథకం సంగతులు చూసే ఆరోగ్యమిత్ర కౌంటర్లో మీ చికిత్స ఆ పథకంలోకి వస్తుందో లేదో అడగండి. డబ్బు కట్టాక అడిగితే లాభం లేదు.

రిపోర్టులో గ్రేడు అని ఉంటుంది. ఒకటైతే పోగులు సాగాయి, కీలు నిలకడగానే ఉంది. రెండైతే కొన్ని పోగులు తెగి కాస్త వదులయింది. మూడైతే పూర్తిగా తెగింది. విచిత్రమేమంటే పూర్తిగా తెగినదానికంటే సగం తెగినదే ఒక్కోసారి ఎక్కువ నొప్పి పెడుతుంది, ఎందుకంటే లాగడానికి ఇంకా పోగులు మిగిలి ఉన్నాయి.

ఆపరేషన్ చేయించుకోవాలా

ఏసీఎల్ తెగిన ప్రతివాళ్లకూ అక్కర్లేదు. 2010లో స్వీడన్ నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో 121 మంది యువతీయువకులను రెండు పాయలు చేశారు. 62 మందికి వెంటనే ఆపరేషన్, 59 మందికి ముందు వ్యాయామం, అవసరమైతేనే ఆపరేషన్. రెండేళ్లలో ఆ 59 మందిలో ఆపరేషన్ అవసరమైంది 23 మందికే. మిగతావాళ్లు కండబలంతో నెట్టుకొచ్చారు, రెండు పాయల బాగోగుల్లో పెద్ద తేడా లేదు.

అయినా మీ పని చూసుకుని నిర్ణయించుకోండి. దుకాణంలో కూర్చునేవారు, చదును నేల మీద నడిచేవారు వ్యాయామంతో మూడు నెలలు చూడొచ్చు. కొబ్బరి చెట్టెక్కేవాడి సంగతి వేరు. నలభై అడుగుల ఎత్తున మోకాలు ఒక్కసారి జారితే రెండో అవకాశం లేదు. కబడ్డీ, వాలీబాల్ ఆడాలనుకునేవాళ్లకు, మోకాలు పదేపదే జారుతున్నవాళ్లకు, మెనిస్కస్ కూడా చిరిగినవాళ్లకు ఆపరేషనే మంచిదని నా అభిప్రాయం. జారిన ప్రతిసారీ మెనిస్కస్ ఇంకాస్త చిరుగుతుంది, చివరికి నలభైకే "గుజ్జు అరిగిపోయింది" అనే మాట వినాల్సి వస్తుంది. ఇంకో మాట, ఇళ్లలో ఆడపిల్లల ఆటను లెక్కలోకి తీసుకోరు. ఒకే ఆట ఆడే అబ్బాయిలకంటే అమ్మాయిలకు ఏసీఎల్ తెగే అవకాశం రెండింతలకు పైనే. పిల్ల కబడ్డీలో మోకాలు పట్టుకుని కూర్చుంటే అబ్బాయికి చేసినట్టే అన్నీ చేయించండి.

ఆపరేషన్‌లో తెగిన తాడును కుట్టడం అరుదు. తొడ వెనక కండను ఎముకకు కట్టే స్నాయువునో, చిప్ప కింద మీరు తడిమి చూసిన ఆ పట్టీలో ముక్కనో తీసి కొత్త తాడుగా వేస్తారు. వాపు తగ్గి, మోకాలు పూర్తిగా చాచగలిగాకే చేయించుకోండి. బిగుసుకున్న మోకాలికి చేస్తే ఇంకా బిగుసుకుంటుంది. తర్వాత ఒక మోసం జరుగుతుంది. ఆరు వారాలకు నొప్పి ఉండదు, నడక బాగుంటుంది, "ఇక నయమైపోయింది" అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే, ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య, కొత్త తాడు అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. శరీరం దాన్ని తనదిగా మార్చుకుంటూ పాత పోగులు కరిగించి కొత్తవి వేసుకునే కాలమది.

కండను లేపడం

ఆపరేషన్ అయినా కాకపోయినా ఈ పని తప్పదు. మోకాల్లో నీరు ఉన్నంతకాలం తొడ ముందు కండ తనంతట తనే పని మానేస్తుంది. పది రోజుల్లో తొడ సన్నబడటం కంటికే కనపడుతుంది. చిప్పకు పది సెంటీమీటర్ల పైన టైలరు టేపుతో రెండు తొడలూ కొలిచి, తేదీ వేసి గోడ క్యాలెండరు మీద రాసుకోండి. వారానికోసారి కొలవండి.

మొదట, కాలు చాచి కూర్చుని మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టి, మోకాలిని కిందికి నొక్కుతూ తొడ బిగించండి. చిప్ప పైకి జరగాలి. అయిదు సెకన్లు పట్టి వదలండి, పదిసార్లు, రోజుకు అయిదారు విడతలు. చిప్ప జరగకపోతే కండ లేవలేదన్నమాట. వేలితో కండను తడుతూ మళ్లీ ప్రయత్నించండి. తర్వాత నున్నటి నేల మీద ప్లాస్టిక్ కవరు మడమ కింద వేసుకుని, మడమను పిరుదు వైపు జరపండి. కాలు వంచకుండా ఒక జానెడు ఎత్తడం దాని తర్వాత. ఎత్తినప్పుడు మోకాలు కాస్త వంగిపోతుంటే ఇంకా సమయం కాలేదు.

బరువు మోపగలిగాక గోడకు వీపు ఆనించి సగం దాకా జారి నిలబడటం, వెల్లకిలా పడుకుని నడుము ఎత్తడం మొదలుపెట్టండి. నడుము ఎత్తడం ఎందుకంటే, తొడ వెనక కండ ముంగాలిని వెనక్కి లాగుతుంది, అంటే ఏసీఎల్ పనికి అది చేదోడు. ఆ కండ నుంచే తాడు తీసి ఉంటే మీ డాక్టరు సరేనన్నాకే చేయండి. మోకాలు బాగా వంగాక సైకిలు మంచి వ్యాయామం, సీటు ఎత్తుగా పెట్టి, కాలువ గట్టు మీద కాకుండా చదును రోడ్డున. కాలికి బరువు కట్టుకుని కుర్చీలోంచి తన్నినట్టు చాచే వ్యాయామం మొదటి నెలల్లో వద్దు. అది ముంగాలిని ముందుకు లాగుతుంది.

అరుగు మెట్టు ఎక్కి దిగేటప్పుడు ఎదురుగా ఎవరినైనా కూర్చోబెట్టి ఫోనులో వీడియో తీయించండి. దిగేటప్పుడు మోకాలు లోపలికి పడిపోతోందా? చిప్ప రెండో వేలి మీదుగా నేరుగా వెళ్లాలి. అలా వెళ్లేదాకా అదే మెట్టు, ఎన్ని వారాలైనా.

లిగమెంట్లలో ఎముక ఎటు జరుగుతోందో మెదడుకు చెప్పే నరాల కొసలు కూడా ఉంటాయి. తాడు తెగితే ఆ కబురూ తెగుతుంది, కండ ఆలస్యంగా స్పందిస్తుంది. అందుకే బలంతో పాటు నిలకడ నేర్పాలి. గోడ పక్కన ఒంటికాలి మీద ముప్పై సెకన్లు, తర్వాత కళ్లు మూసుకుని, తర్వాత మడత దుప్పటి మీద. పళ్లు తోముకునేటప్పుడు చేయండి, మరిచిపోరు.

మళ్లీ బురదలోకి

కనుమనాడు కోనసీమలో జరిగే జగ్గన్నతోట తీర్థానికి, దేవుణ్ని పెట్టి ఊరేగించే ప్రభ మోయాలని, ఆపరేషనయిన అయిదో నెలలో ఒక కుర్రాడు అడిగాడు. "భుజం ఇస్తే చాలండి, ఎక్కువసేపు కాదు." చేల బురదలో, కాలువలో, పదులమంది కలిసి మోసే బరువది. పక్కవాడు ఊగితే మీరూ ఊగాలి, ఆగుతానంటే ఆగనివ్వదు. ఆ ఏడు మోయనివ్వలేదు. ఏడాది తర్వాత మోశాడు.

ఆటకైనా, ప్రభకైనా, చెట్టుకైనా ఆపరేషన్ తర్వాత తొమ్మిది నెలలు నిండనివ్వండి. అంతకుముందే దిగినవాళ్లలో కొత్త తాడు మళ్లీ తెగడం బాగా ఎక్కువ. నెలలు నిండడమే కాదు, దెబ్బ తిన్న కాలితో ఒంటికాలి గెంతు మంచికాలి గెంతులో తొంభై శాతం దాటాలి. తొడ కొలతల్లో తేడా దాదాపు పోవాలి. గట్టిగా పనిచేసిన మర్నాడు మోకాలు వాయకూడదు.

చేలోకి దిగేటప్పుడు మొదటి వారం బస్తా లేకుండా దిగండి. మన ఒండ్రు నేల పాదాన్ని పట్టేస్తుంది, మోకాలు మెలిపడేది అందుకే. తిరగాల్సి వస్తే నడుము తిప్పకండి. ముందు మడమ కదిపి బురదలోకి గాలి చేరనివ్వండి, పట్టు వదులుతుంది. తర్వాత పాదం పూర్తిగా పైకి తీసి, తిరగబోయే వైపుకే వేలి కొసలు పెట్టి అడుగు వేయండి. రెండో పాదం కూడా అలాగే తీయండి. రెండు పాదాలూ ఒకే దిక్కుకు తిరిగాకే భుజాలు తిప్పండి. వెనకనుంచి ఎవరు కేకేసినా "ఆఁ, వస్తున్నా" అనండి, తల మాత్రం ఆ తర్వాతే తిప్పండి.